మావయ్య వేసిన ఎర్ర పంపు

మొన్న శనివారం మా మావయ్య పోయాడు. వడదెబ్బ అన్నారు. అరవై దాటిన మనిషి, నడినెత్తిన ఎండలో ఆఫీసుల చుట్టూ తిరిగితే తగలదూ మరి! ఎందుకు తిరిగాడో మీకు చెప్పాలి.

రైల్వే ఉద్యోగానికి విజయనగరం నుంచి రాయ్‌పూర్ వచ్చిన మా నాన్న వెంట ఆయనా ఆ ఊళ్లోని గుఢియారీ పేటకి చేరాడు. సర్కారు బోరు బండి మీద పని దొరికింది. వానలు ముఖం చాటేసిన ఏడు, పల్లెల్లో చేతిపంపులు వేయమని పైనుంచి హుకుం వచ్చింది. ఒక ఊళ్లో నీళ్లు పైకి చిమ్మగానే ఆడవాళ్లు ఆయన కాళ్లు కడిగారట. ఇంటికొచ్చి, "అక్కా, నాను దేవుణ్ణయిపోనానే!" అని అమ్మతో చెప్పి పడీ పడీ నవ్వాడు.

ఎక్కడ నీళ్లు తాగినా మొదటి గుక్కని కాసేపు నోట్లోనే ఉంచుకునేవాడు. "గుటుక్కున మింగీకండర్రా, రుచి సూడండి" అని మమ్మల్ని కసిరేవాడు. పాపం, ఆ ఊరి నీళ్లలో ఉన్నదానికి రుచే లేదు.

కొన్నేళ్లకి అక్కడి పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు తేలాయి. తర్వాత కాళ్లు వంకరపోయాయి. లోపలి రాతిలోని ఫ్లోరైడు నీళ్లలో కలుస్తోందన్నారు. అంతా విని ఆఫీసువాళ్లు ఏం చేశారయ్యా అంటే, తాగొద్దని గుర్తుగా పంపుకి పూయమని ఒక ఎర్ర రంగు డబ్బా ఇచ్చారు. మరి వేరే నీళ్లో? "బజెట్ ఆనే దో" అన్నారు, డబ్బు మంజూరు కానీ చూద్దామని. వాళ్ల దుంప తెగ! మావయ్యే రంగు పూసి, ఇంటింటికీ వెళ్లి బతిమాలాడు. పంపు వచ్చాక పట్టించుకోక పూడిపోయిన చెరువుని మళ్లీ తవ్వుకోమన్నాడు. తవ్వారు. వాన పడలేదు.

మరుసటి వేసవిలో వెళ్లి చూస్తే పంపుకి ఎర్ర గుడ్డ కట్టి ఉంది. కింద అగరొత్తులు, కొబ్బరి చిప్పలు. ఆయన కేకలేస్తే, అక్కడివాళ్లు అమ్మని పిలిచినట్టు దాయీ అని ఆయన పిలిచే ముసలావిడ నవ్విందట. "నీళ్లిచ్చే తల్లికి సిందూరం పూసి వెళ్లావు, మేం దణ్ణం పెట్టొద్దా సాబ్? వంకర కాళ్లతో బతకొచ్చు. దాహంతో ఎట్లా బతుకుతాం?"

ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. "తిట్టినా బాగున్నే అక్కా, దణ్ణం పెడతన్నారే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఊరికి మంచినీళ్ల కోసం అర్జీలు పట్టుకుని తిరగడం రిటైరయ్యాక కూడా మానలేదు. నీళ్లు రాలేదు, ఆయనే పోయాడు.

శవాన్ని లేపే ముందు ఆ ఊరివాళ్లు వచ్చారు. వంగని మోకాళ్లతో, మనవరాలి భుజం పట్టుకుని దాయీ కూడా వచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు. "సాబ్ ఇచ్చిన నీళ్లే" అంది. అమ్మ వద్దనబోయి, ఆవిడ కాళ్లు చూసి, ఆగిపోయింది.

దాయీ ఆయన పెదవులు విడదీసి నీళ్లు పోసింది. కొన్ని చెంప మీదుగా కారిపోయాయి. మొదటి గుక్క మాత్రం నోట్లోనే నిలిచింది. మావయ్య మింగలేదు.