మధ్యవర్తి సంతకం

తొంభైల మధ్యలో నాకు బండారులంకలో టీచరు ఉద్యోగం వచ్చింది. మాది రాజోలు వైపు. రోజూ తిరగలేక, బడికి దగ్గర్లో ఒక నేతవారి ఇంట్లో వీధివైపు గది అద్దెకు తీసుకున్నాను. వెనక రెండు గదుల్లో ఇంటివాళ్ళు ఉండేవారు. ఆయన్ని అన్నయ్యగారనీ, ఆవిణ్ణి వదినగారనీ పిలిచేదాన్ని. ఆయన పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్ళు పెడితే మళ్ళీ భోజనానికే లేచేవారు. ఆవిడ రాట్నం మీద కండెలు చుడుతూనే వంట చూసుకునేవారు. ఆదివారం నేను చర్చికి బయల్దేరుతుంటే, "మా గురించి కూడా ఓ మాట చెప్పండి టీచరుగారూ ఆ ప్రభువుకి" అని నవ్వేవారు.

ఒక వానాకాలం, అన్నయ్యగారిలాంటి నేతవాళ్ళకు నూలూ జరీ ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు ఒకాయన గిడ్డంగిలో జరీ పెట్టెలు పోయాయి. మూడో రోజు పొద్దున్న నేను బడికి చెప్పులు వేసుకుంటున్నాను. జీపు వచ్చి ఆగింది. ఎస్సై, ముగ్గురు కానిస్టేబుళ్ళు, వాళ్ళతోనే వచ్చిన ఇంకో మనిషి. అన్నయ్యగారు గుంటలోంచి లేచేలోపే అందరూ ఇంట్లో ఉన్నారు.

"ఏంటండీ బాబూ?"

"సోదా."

"కాగితం ఏదైనా ఉందాండీ?" అని అడిగారాయన, భయపడుతూనే. ఎక్కడో విన్న మాట అయి ఉంటుంది.

"చూపిస్తే చదువుతావా?" అన్నాడు ఎస్సై.

ట్రంకు పెట్టె బోర్లించారు. బియ్యం డబ్బా నేలమీద గుమ్మరించారు. చివరికి మగ్గం దగ్గరికి వచ్చారు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. అంచున జరీ.

"ఇదెక్కడిది?"

"షావుకారుగారు నేతకిచ్చిందేనండి. ఆయన్నే అడగండి బాబూ."

ఎస్సై తల ఊపాడు. కానిస్టేబులు కత్తి తీసి పడుగు కోశాడు. బిగుతుగా ఉన్న దారాలు టపటపా తెగి, మగ్గం ఒక్కసారిగా వదులైపోయింది. నాలుగు చీరలకు సరిపోయే పడుగు అది. చుట్టచుట్టి గోనెసంచిలో కుక్కారు. అన్నయ్యగారు తెగిన కొసల్ని వేళ్ళతో వెతుక్కుంటూ నిలబడ్డారు, మళ్ళీ ముడివేయొచ్చేమో అన్నట్టు.

"ఆవిడ ఒంటిమీద దాచిందేమో సార్" అన్నాడు ఒక కానిస్టేబులు.

ఎస్సై నా వైపు తిరిగాడు. "మీరు టీచరుగారు కదా? లోపలికి తీసుకెళ్ళి కాస్త చూడండమ్మా."

"నేనాండీ?"

"ఆడపోలీసు అమలాపురం నుంచి రావాలి. అందాకా ఈవిణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టమంటారా?"

వదినగారే ముందు వంటగదిలోకి నడిచారు. నేను తలుపు వేశాను. ఆవిడ గోడవైపు చూస్తూ రెండు చేతులూ ఎత్తారు. వెతికినట్టు నటించి బయటికి వచ్చేయవచ్చు. చూసేవాళ్ళెవరూ లేరు. కానీ నేను నిజంగానే వెతికాను. కొంగు ముడి విప్పాను. ఒక తాళంచెవి, రెండు వక్కముక్కలు. నడుము దగ్గర కుచ్చిళ్ళు తడిమాను. జరీ దొరుకుతుందేమోనని ఒక్క క్షణం అనిపించింది కూడా. ఆ క్షణం గురించి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"ఏం లేదండి" అన్నాను బయటికొచ్చి.

ఎస్సై ఒక తెల్లకాగితం ఇచ్చాడు. పైన 'మధ్యవర్తుల నివేదిక' అని రాసి ఉంది. కింద అంతా ఖాళీ. అడుగున జీపులో వచ్చిన మనిషి సంతకం అప్పటికే ఉంది.

"సోదా చూసిన సాక్షులన్నమాట మీరిద్దరూ. మిగతాది స్టేషన్లో రాసుకుంటాం."

సంతకం పెట్టాను. అలవాటు కొద్దీ కింద నా ఉద్యోగం కూడా రాశాను.

"ఏం పట్టుకెళ్తున్నారో ఓ కాగితమ్ముక్క రాసివ్వండి బాబూ" అని వదినగారు జీపు దాకా వెళ్ళి అడిగారు. వాళ్ళు అన్నయ్యగారిని ఎక్కించుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత వదినగారు నాతో మాట్లాడలేదు. పొమ్మనీ అనలేదు. నెలాఖరుకు నేనే ఖాళీ చేశాను.

కేసు నాలుగేళ్ళు నడిచింది. సాక్ష్యానికి రమ్మని నాకు సమన్లు వచ్చినప్పుడు, భయపడి అన్నయ్యగారి తరఫు వకీలు దగ్గరికే వెళ్ళాను. పెద్దాయన. నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు.

"వారెంటు లేకుండా వస్తే, ఎందుకొస్తున్నారో ముందే రాసుకోవాలండి. ఊళ్ళోవాళ్ళని ఇద్దర్ని ముందే పిలవాలి. ఆడమనిషిని ఆడమనిషే, పరువు పోకుండా చూడాలి. పట్టుకెళ్ళినవాటి లిస్టు ఇంటివాళ్ళకి ఇవ్వాలి. అన్నీ చట్టంలో ఉన్నాయమ్మా."

"మరి మిగతావేవీ చెయ్యలేదు కదండీ?"

"ఆయ్, చెయ్యలేదు. చెయ్యకపోయినా, దొరికిన వస్తువు దొరికినట్టే చూస్తాయి కోర్టులు. సోదా తప్పని సాక్ష్యాన్ని పారెయ్యరండి."

కోర్టులో నిజమే చెప్పాను. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టానన్నాను. ప్రభుత్వ వకీలు లేచి, సాక్షి ఎదురుతిరిగిందని ప్రకటించమన్నాడు. మేజిస్ట్రేటుగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "పిల్లలకి చదువు చెప్తారు కదమ్మా, చదవకుండా సంతకం ఎలా పెట్టారు?" అన్నయ్యగారు బోనులో తల వంచుకుని ఉన్నారు. వదినగారు వరండాలో కూర్చున్నారు, నా వైపు చూడలేదు.

ఆ జరీ పోయిన జరీయేనని రుజువు కాలేదని కేసు కొట్టేశారు. సరుకు తిరిగి ఇచ్చేయమన్నారు. స్టేషన్లో ఆ గోనెసంచి చూరు కారేచోట పడి ఉందట. పడుగు ఎలుకలు కొట్టేశాయి, జరీ నల్లబడింది. తప్పు చేసినవాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. ఎస్సైకి అప్పటికే వేరే ఊరు బదిలీ అయింది. అసలు దొంగ ఎవరో ఈనాటికీ తెలియదు. నిర్దోషి అని తేలినా ఏ షావుకారూ ఆయనకు నూలివ్వలేదు. కాదనలేదు, వచ్చే నెల చూద్దామన్నారు. అలా కొన్ని నెలలు తిరిగి, మగ్గం కర్రల్ని పొయ్యిలోకి అమ్మేసి, ఇల్లు వదిలి సముద్రం వైపు వెళ్ళిపోయారని విన్నాను.

రెండు వేల సంవత్సరం దాటాక తోటి టీచరు ఇంట్లో పెళ్ళికని అంతర్వేది వెళ్ళాను. తిరిగొస్తూ బస్సు కోసం నిలబడితే, రొయ్యల షెడ్డులోంచి ఆడవాళ్ళు బయటికొస్తున్నారు. బస్సు కోసమే ఇటు వచ్చినవాళ్ళలో వదినగారు ఉన్నారు. ఐసులో రొయ్యల తలలు ఒలిచి ఒలిచి వేళ్ళు తెల్లగా ఉబ్బి ఉన్నాయి.

"అన్నయ్యగారు బాగున్నారా అండీ?"

"చెరువు కాపలా ఉంటన్నారండి. మాట తగ్గిపోయింది."

నేను అంతకాలం దాచుకున్నది అనేశాను. "ఆరోజు నేను లోపలికి రాకుండా ఉండాల్సింది వదినగారూ."

"మీరు రాకపోతే స్టేషనుకి తీసుకెళ్ళేవారండి. అంతకన్నా ఇదే నయమని నాకూ తెలుసు." తడి చేతులు కొంగుకు తుడుచుకున్నారు. "కానీ మిమ్మల్ని చూస్తే ఒళ్ళు జలదరిస్తదండి. ఏమనుకోకండి. ఇంకెప్పుడన్నా ఎదురుపడితే పలకరించకండి నన్ను."

"అలాగేనండి" అన్నాను.

బస్సు వచ్చింది. ఆవిడ కూడా ఆ బస్సే ఎక్కాల్సింది, కానీ ఎక్కలేదు.