హన్నమ్మ విన్న చప్పుడు

గుండుగొలనులో హైవే పక్కన మెకానిక్ ఏలీయా షెడ్డు. బోర్డు లేదు, అక్కర్లేదు కూడా. బండి ఇంకా మలుపు తిరక్కముందే, కూర్చున్న చోటు నుంచి "చైను సాగిందండీ" అని చెప్పేసే మనిషికి బోర్డెందుకు? బండి ఆగాక పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి, పిడి తన చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. అప్పుడు ఎవరు నోరు తెరిచినా కసురుకునేవాడు. చర్చిలో కూడా ఇంత నిశ్శబ్దం ఉండదని ఆయన భార్య హన్నమ్మ నవ్వేది.

అలాంటి ఏలీయాకి యాభై దాటాక చెవులు మొరాయించాయి. మాటలు, పెద్ద చప్పుళ్లు వినపడుతున్నాయి, సన్న చప్పుళ్లే మాయమైపోయాయి. అన్నేళ్లు ఇంజన్ల పక్కన కూర్చుంటే ఏ చెవి మాత్రం ఏం చేస్తుంది పాపం! ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. చెవి పోయిన మెకానిక్ దగ్గరికి బండి ఎవరు తెస్తారు? షెడ్డు మూసుకోవాల్సిందేనని భయం. అందుకే స్క్రూడ్రైవరు యథాప్రకారం చెవికి పెట్టుకుని, అలవాటు మీద ఏదో ఒకటి చెప్పేసేవాడు. చాలా బండ్లకి అదే సరిపోయేది.

హనుమంతరావుగారి బండికి మాత్రం సరిపోలేదు. ఆయనకి కొల్లేరు వైపు చేపల చెరువులున్నాయి. బండి లేకపోతే కాలూ చెయ్యీ ఆడదు.

"టిక్కు టిక్కుమంటోందండీ. ఏలూరులో చూపిస్తే ఇంజను విప్పాలన్నారు. మీరు చెప్పందే విప్పించనని ఇటు తెచ్చానండీ," అన్నారు.

ఏలీయా విన్నాడు. అంటే, విన్నట్టు కూర్చున్నాడు. ఇంజను పైభాగంలో ఉండే టాపెట్లు వదులయ్యాయని చెప్పి బిగించాడు. రెండ్రోజులకే బండి తిరిగొచ్చింది. మళ్లీ బిగించాడు. మళ్లీ వచ్చింది. ఈసారి హనుమంతరావుగారు విసుక్కోను కూడా లేదు. "పోనీండి, ఏలూరులోనే విప్పించేస్తాను. సాయంత్రం వచ్చి తీసుకెళ్తానండీ," అని బస్సెక్కేశారు. దానికన్నా తిట్టినా బాగుండేదనుకున్నాడు ఏలీయా.

మధ్యాహ్నం హన్నమ్మ క్యారేజీ తెచ్చింది. ఒకప్పుడు పొద్దున్నే ఆయన చేతికిచ్చి పంపేది. ఏడాదిగా తనే రోడ్డు దాటి తెస్తోంది, షెడ్డు కట్టేసేదాకా ఉండి ఆయనతోనే ఇంటికి వెళ్తోంది. వేడివేడిగా పెట్టాలని కాబోలు అనుకున్నాడు ఏలీయా.

ఆ రోజు ముద్ద దిగలేదు. సగంలో లేచి, చెయ్యి కడుక్కుని, బండి స్టార్ట్ చేసి స్క్రూడ్రైవరు పెట్టుకున్నాడు. ఉత్త గుడగుడ. ఇంకేమీ లేదు.

చింతపండు గింజలు తీస్తూ హన్నమ్మ అంది. "ఏవండీ, దానికి మూత సరిగ్గా పట్టలేదేమోనండీ."

"ఇంజనుకి మూతేంటే! కాసేపు ఊరుకుంటావా?"

ఆవిడ మళ్లీ గింజల మీదికి వంగింది. కాసేపటికి ఆయనకే సిగ్గేసింది.

"ఏం వినపడింది నీకు?"

"కుక్కరు రబ్బరు పాతబడితే విజిలు రాకుండా పక్కనుంచి చుప్పు చుప్పుమని ఆవిరి పోతుంది చూడండి, అచ్చం అలాగే. ఇంజను వేడెక్కేకొద్దీ తగ్గిపోయింది. ఇప్పుడసలు లేదు."

ఓరి దేవుడా! ఏలీయా స్క్రూడ్రైవరు పక్కన పడేశాడు. సైలెన్సరు గొట్టం ఇంజనుని కలిసే చోట మధ్యనుండే ప్యాకింగ్ పోతే, ఆ సందులోంచే పొగ తంతుంది. ఇనుము వేడెక్కి సాగాక సందు మూసుకుంటుంది. లోపల రోగమే లేదు! బండి చల్లారనిచ్చి, ఆ సందు దగ్గర వేలు పెట్టి మళ్లీ స్టార్ట్ చేశాడు. గాలి వేలికి తగిలింది. గొట్టం విప్పితే, కాలిపోయిన ప్యాకింగ్ ముక్కలుగా చేతికొచ్చింది. కొత్తది వేశాడు. ఆ తర్వాత మిగిలిన అన్నం ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు.

సాయంత్రం హనుమంతరావుగారు బండి స్టార్ట్ చేసి, తల వంచి విని, పకపకా నవ్వేశారు. "ఏం చెవండీ మీది!"

ఊరుకుంటే సరిపోయేది. బల్ల మీద ఇంకో ఇద్దరు బండ్లవాళ్లున్నారు కూడాను. ఏలీయా భార్య వంక చూశాడు. ఆవిడ తలొంచుకుని చింతపండు ఉండ చేస్తోంది.

"నా చెవి కాదండీ, మా ఆవిడది. నాకు సన్న చప్పుళ్లు వినపడి ఏడాది దాటిందండీ," అనేశాడు.

హనుమంతరావుగారు ఒకసారి ఆయన్నీ, ఒకసారి ఆవిడనీ చూశారు.

"అయితే రేపు మా తమ్ముడి బండి పంపిస్తానండీ. అమ్మగారున్నప్పుడు చూడండి," అని గేరు వేశారు.

ఏలీయాకి ప్రాణం లేచొచ్చింది. షెడ్డు కట్టేసి, ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు.

"రేపటినుంచి పొద్దున్నే నాతో వచ్చేయ్ హన్నా. అన్నం ఇక్కడే తిందాం."

"ఇన్నాళ్లూ నేనెందుకు వస్తున్నాననుకున్నారండీ? కిందటేడు ఇక్కడే, లారీ మీదికొచ్చి హారన్ కొట్టేదాకా మీరు తిరిగి చూడలేదు. అవతల నిలబడి చూశాను. ఆ మర్నాటినుంచే క్యారేజీ నేను తెస్తున్నాను."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశానండీ."

ఏలీయా ఖాళీ క్యారేజీ ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు. హన్నమ్మ రెండువైపులా చూసి, ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఇప్పుడు పదండి," అంది.