అత్తయ్య కడుపులో అక్క

ఆ రోజుల్లో అసూయ అనేది నగల దగ్గరో చీరల దగ్గరో పుడుతుందనుకునేదాన్ని. మనిషి మలం దగ్గర కూడా పుడుతుందని ఎవరైనా చెప్పి ఉంటే ముక్కు మూసుకుని నవ్వేదాన్ని. అప్పటికి నా పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ గుంటూరు వాళ్ళ పిల్లని, సరూర్‌నగర్ పాత ఊళ్ళో బోలెడు బలగం ఉన్న ఇంటికి చిన్న కోడలిగా వెళ్ళాను. ఆ ఇంట్లో అప్పటికే మీర్‌పేట్ నుంచి వచ్చిన పెద్ద కోడలు పాతుకుపోయి ఉంది. (మేం తోడికోడలంటాం, వాళ్ళు యారాలంటారు. ఎలా పిలిచినా కడుపుమంట ఒకటే.) నేను అక్కా అని పిలిచే ఆవిడ దగ్గరే బీరువా తాళాలు. కూరలో ఉప్పు చూడాలంటే అక్కే చూడాలి. నేను వంటింటి గడప తొక్కితే చాలు, "నువ్వు కూసో బిడ్డా, నీకెందుకు పరేషాన్" అనేవారు అత్తయ్య, చుట్టపుచూపుగా వచ్చినదానితో అన్నట్టు. ఆ మర్యాదకి నాకు ఏడుపొచ్చేది.

అలాంటి రోజుల్లో, పంటి వాపుకి గట్టి యాంటీబయాటిక్ మందులు వాడాక, అత్తయ్యకి విరేచనాలు పట్టుకున్నాయి. మందు వేస్తే తగ్గడం, ఆపితే తిరగబెట్టడం. నిండుకుండలా ఉండే మనిషి మంచానికి అతుక్కుపోయారు. ఎల్బీనగర్‌లో ఒక పెద్ద డాక్టరుగారు మా అందరినీ కూర్చోబెట్టి, పేగుల్లో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులు ఆ మందులకి చచ్చిపోయాయని, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలాన్ని వడగట్టి గొట్టంతో లోపలికి ఎక్కిస్తే మంచివి మళ్ళీ కాపురం పెడతాయని చెప్పారు. గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అత్తయ్యే ముందు తేరుకుని, "నెత్తురిచ్చుడు విన్న, కిడ్నీ ఇచ్చుడు విన్న. గిదేంది సారూ?" అన్నారు. బావగారికి షుగరు, పనికిరారన్నారు. మా ఆయన పొద్దున్నే గ్యాస్ మాత్ర పడందే పళ్ళు తోమరు, ఆయన్నీ వద్దన్నారు. ఇక మిగిలింది కోడళ్ళిద్దరం. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా గుండె గంతులేసింది.

ఎందుకు వెయ్యదు? నేను మొలకలు, జొన్నరొట్టెలు, పొద్దున్నే నడక. అక్కకేమో సాయంత్రమైతే బండి మీది మిరపకాయ బజ్జీ, అందులోకి చాయ్. ప్రశ్నలడిగే నర్సుకి నేను బడిలో మొదటి బెంచీ పిల్లలా టకటకా జవాబులు చెప్పాను. "ఈ మూడు నెలల్లో యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?" అని అడిగింది. "వాడకుండా ఎలాగండీ! నేను ఆరోగ్యం విషయంలో అస్సలు అశ్రద్ధ చెయ్యను. తుమ్ము రాగానే మందుల షాపులో తెచ్చి వేసేసుకుంటాను. తగ్గగానే ఆపేసి, మిగిలినవి మళ్ళీ జలుబుకి దాచుకుంటాను కూడా" అన్నాను గర్వంగా. ఆమె నా పేరు మీద అడ్డంగా గీత కొట్టి, కాగితం పక్కన పెట్టేసింది. అక్క వంతు వచ్చింది. "నాకు గోలీ మింగుడంటెనే భయం మేడమ్. సర్ది అయితే మిరియాల చారు తాగి పండుకుంట" అంది. రక్తం, మలం అన్నీ పరీక్షించి, ఇంత మంచి దాత దొరకడం మీ అదృష్టమన్నారు డాక్టరుగారు. అక్క నా వైపు తిరిగి చిన్నగా నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికెవరో. ఆ వెనకటావిడ బాధ నాకు ఆ రోజే అర్థమైంది.

ఎక్కించే రోజున ఆసుపత్రిలో అక్క మూత పెట్టిన డబ్బాతో బాత్‌రూం నుంచి బయటికి రాగానే, మామయ్యగారితో సహా అందరూ లేచి నిలబడ్డారు. (నేనూ లేచాను. ఒక్కదాన్నే కూర్చుంటే బాగుండదు కదా.) వారం తిరిగేసరికి అత్తయ్య పెరుగన్నం తిన్నారు. ఇంకొన్నాళ్ళకి లేచి తిరుగుతూ, "జర మిరపకాయ బజ్జి తెప్పియ్యుండ్రి, నోరు గుంజుతుంది" అన్నారు. "పెద్దదాని గుణం దిగింది!" అని ఇల్లంతా నవ్వింది. నేను స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, మాత్ర ముట్టనని. వానాకాలం జలుబుకి ముక్కు ఊడిపోతున్నా ముట్టలేదు. "తాగు చెల్లె" అని అక్క ఇచ్చిన మిరియాల చారే తాగాను, అసూయ పడుతూనే. మూడు నెలల గడువు దాటగానే ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పరీక్షలన్నీ చేయించుకున్నాను. అన్నీ బాగున్నాయన్నారు! ఇంటికి పరుగెత్తుకొచ్చి, "అత్తయ్యా, నేనూ పనికొస్తానట!" అని అరిచాను. నవనవలాడుతూ చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తయ్య తలెత్తి, "దేనికి బిడ్డా? నాకిప్పుడు ఏమైందని?" అన్నారు.

ఏమీ కాలేదు. ఆవిడ నిక్షేపంలా ఉన్నారు. అది చూసి నా మొహం వేలాడిపోయింది. అత్తగారు బాగున్నందుకు మొహం వేలాడేసిన కోడల్ని ఆవిడ ఎగాదిగా చూశారు. నేను సంబరపడ్డదీ, డీలా పడ్డదీ ఎందుకో తెలిసి, ఒళ్ళోని చిక్కుళ్ళు జారిపోయేలా నవ్వారు. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "పో, పొయ్యి మీద కూరున్నది. ఉప్పు జర చూడు" అన్నారు. ఉప్పు ఎక్కువైంది. సరిపోయిందనే చెప్పాను.

ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే అత్తయ్య మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి, "గీమె పెద్ద కోడలు, నాకు ఇచ్చింది. గీమె చిన్న కోడలు, ఇయ్యనీకి తయారుగున్నది" అని చెబుతారు. ఆనాటి నా పిచ్చికి నాకూ నవ్వొస్తుంది. కానీ "ఇచ్చింది" అనేటప్పుడు ఆవిడ గొంతు నా గురించి చెప్పేటప్పటికంటే ఇంకాస్త మెత్తబడుతుందేమోనని ప్రతిసారీ చెవులు రిక్కించి వింటూనే ఉంటాను.