ఇంజనుకు ముక్కుంటదా?

నా మాటల్లో నిజం పాలు తక్కువని మా బాన్సువాడలో అందరికీ తెలుసు. నిజాంసాగర్ చేప ఒకటి మా దున్నపోతును గట్టు మీది నుంచి లాక్కుపోయిందని చెప్పింది నేనే. కాదనను. కానీ డీజిల్ ఇంజనుకు దమ్ము ఆడాలని చెప్పినప్పుడు మాత్రం, ఖర్మ కాలి, నిజమే చెప్పాను.

మా అక్క మొగుడు, అంటే మా బావ, నాతో కలిసి సాగు చేస్తాడు. వరి పొట్టకొచ్చింది. కాలువలో మా వంతు నీళ్లు సాయంత్రం దాకే. ఆలోపు ఇంజను పెట్టి మడులన్నీ తడపకపోతే గింజ తాలు పోతుంది. పొద్దున ఇంజను అందుకుందో లేదో, ఆయిలు చూసే పుల్ల తుపాకీ గుండులా ఎగిరిపోయింది. దాని వెనకే నల్లటి ఆయిలు నా చొక్కా నిండా చిమ్మింది. అల్లంత దూరాన బిచ్కుంద ఊరి దాకా చిమ్మిందని తర్వాత చెప్పాను, అది వేరే సంగతి.

చూస్తే, ఇంజను పక్కనుండే సన్నటి రబ్బరు పైపు మూతిలో వేపపుల్ల దిగగొట్టి ఉంది. ఇంజను కడుపులో చేరే గాలి, ఆవిరి బయటికి పోయే దారి అదొక్కటే; అది మూస్తే ఆ ఒత్తిడంతా ఆయిలు పుల్లను ఎగరగొడుతుంది.

"బావా, గీ పుల్ల ఎవరు గొట్టిండ్రు?"

"నేనే. బీడీ తాగినట్టు ఒకటే పొగ. బంద్ వెట్టిన."

"దాని దమ్ము గాడికెళ్లే పోతదని మొన్ననే చెప్పిన గద!"

"చెప్పినవ్. చేప కత గూడ చెప్పినవ్. ఇంజనుకు ముక్కుంటదా బామ్మర్దీ?"

వేపపుల్ల పీకి, పైపు మొదట్లో ఉండే చిన్న డబ్బా విప్పాను. గాలిని బయటికి వదిలి, మళ్లీ లోపలికి రానివ్వని పలుచటి రేకు అందులో ఉంటుంది. జిగురు పట్టి అతుక్కుపోయింది. డీజిల్‌తో కడిగి, తుడిచి, బిగించి, కొత్త ఆయిలు పోశాను. ఎగిరిపోయిన ఆయిలు పుల్లను పొదల్లో వెతుకుతూ బావ నన్నే తిట్టాడు.

ఇంజను అందుకున్నాక బావ చెయ్యి లాగి పైపు మూతి దగ్గర పెట్టాను. వెచ్చటి గాలి బుస్సు బుస్సుమని తగిలింది.

"అరె! నిజంగనే దమ్ము తీస్తుంది!"

ఇక ఫికరు లేదనుకుని అన్నానికి పోయాను. తిరిగొచ్చేసరికి ఆయిలు పుల్ల మళ్లీ ఎగిరింది, ఇంజను ఆగింది, చివరి మడి పొడిగానే ఉంది. పైపు మూతికి బావ రుమాలు, మడతలు పెట్టి దారంతో బిగించి కట్టి ఉంది.

"గిదేంది బావా?"

"దుమ్ము లేస్తుంది గద. దాని ముక్కులకు పోతదని కట్టిన."

నమ్మకపోతే వేపపుల్ల, నమ్మితే రుమాలు. ఈ మనిషితో ఎట్లా వేగాలి? రుమాలు పీకేసి, ఆయిలు పుల్ల వెతికి, ఆయిలు పోసి, బావను గట్టు అవతలికి తోలి, నేను పైపు పక్కనే కాపలా కూర్చున్నాను. చివరి మడి మూల తడిసేసరికి కాలువ నీళ్లు చీలమండకు దిగాయి.

ఇంటికి పోతుంటే పక్క పొలం ఆయన దారిలో ఆపాడు. "ఏందన్నా, పొద్దుగూకెదాక ఇంజను పక్కకెల్లి లేవకపోతివి?"

జరిగింది జరిగినట్టు చెప్పాను, ఒక్క ముక్క కలపకుండా.

"చేప కతనే నయముండె అన్నా," అని నవ్వుకుంటూ పోయాడు.