కొత్త ఆటలో రోడ్లు వంగుతాయా

ఊళ్లు కట్టే ఆ పాత కంప్యూటర్ ఆటలో రోడ్డుకు రెండే పనులు తెలుసు. తిన్నగా పోవడం, లేదంటే సరిగ్గా మూలమట్టానికి తిరగడం. మౌస్‌ను ఎంత బతిమాలినా మూడో పని చేసేది కాదు. అందుకే ఆ ఆటలో ఎన్ని ఊళ్లు కట్టినా మా ఊరు మాత్రం కట్టలేకపోయాను.

మా ఊరంటే నా లెక్కలో సికింద్రాబాద్ మొత్తం కాదు. మెట్టుగూడలో మేముండే రైల్వే క్వార్టర్స్, అక్కణ్ణుంచి సీతాఫల్‌మండి దాకా ఉన్న ముక్క. అక్కడ ముందు రైలు పట్టాలు వంగుతాయి. పట్టాలు వంగాయి కాబట్టి పక్కన రోడ్డు వంగుతుంది. రోడ్డు వంగింది కాబట్టి ఇళ్ల స్థలాలన్నీ కోసిన పుచ్చకాయ ముక్కల్లా ఒక వైపు వెడల్పుగా, ఒక వైపు సన్నగా ఉంటాయి. ఆ సన్నని వైపున ఎవరో ఒకరు పాన్ డబ్బా పెట్టుకుంటారు. పాన్ డబ్బా ఉంది కాబట్టి అక్కడ నలుగురు నిలబడతారు, నలుగురు నిలబడ్డారు కాబట్టి ఆటోలు ఆగుతాయి. ఆటలో మొదటి వంపే లేదు. దాంతో తర్వాతవేవీ లేవు. నా తెర మీద మెట్టుగూడ ఎప్పుడూ చదరంగం బల్లలాగే వచ్చేది.

అలాంటి రోజుల్లో ఆ ఆటకు కొత్త వెర్షన్ వస్తోందని తెలిసింది. పద్మారావు నగర్‌లో ఒక నెట్ సెంటర్ ఉండేది. నేనూ నా స్నేహితుడూ సాయంత్రం ఆఫీసు నుంచి అటే వెళ్లేవాళ్లం. ఆట అభిమానుల ఫోరం తెరిస్తే ఒక్కో బొమ్మ పైనుంచి కిందికి పరదా దించినట్టు దిగేది. సగం దిగాక ఆగేది. ఆగిన చోట ఏ రోడ్డో మొదలయ్యేది. మా ఇద్దరి ఊపిరీ అక్కడే ఆగేది.

స్నేహితుడిది సీతాఫల్‌మండి. వాళ్ల తాతల నుంచీ అక్కడే ఉన్నారు. ఇంటి ముందు గదిలో పిండిగిర్ని. వాడు కూడా నాలాగే సివిల్ ఇంజినీరింగ్ చదివాడు. ఇద్దరం ఒకే కంపెనీలో చేరాం. అక్కడ మా పని, మేము ఎన్నడూ చూడని ఏదో విదేశీ పట్నపు మంచినీటి పైపుల కాగితపు మ్యాపులను స్కాన్ చేసి, తెర మీద ఆ గీతల వెంబడి మౌస్‌తో మళ్లీ గీయడం. నేను గీసిన షీటు వాడు చెక్ చేయాలి, వాడు గీసింది నేను చెక్ చేయాలి. గీసినవాడు తన షీటు తనే చెక్ చేయకూడదు. అదీ అక్కడి పద్ధతి. మా టీమ్ లీడర్ మేడమ్ ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినేది కాదు.

ఫోరంలో అందరూ కొత్త ఆటలో తమకేం కావాలో రాస్తున్నారు. విదేశాల వాళ్లు స్టేడియాలు, ఆకాశహర్మ్యాలు అడిగారు. నేను వరుస నంబర్లు వేసి రాశాను. ఒకటి, రోడ్డు ఏ కోణంలోనైనా వంగాలి. రెండు, రైలొస్తే గేటు పడాలి, గేటు కింది నుంచి సైకిళ్లు దూరాలి. మూడు, ఒకే ఇంట్లో కింద దుకాణం, పైన కాపురం ఉండాలి. నాలుగు, నల్లా నీళ్లు రోజు విడిచి రోజు రావాలి.

"ఐదు రాయ్," అన్నాడు వాడు. "పెండ్లి బరాత్ వస్తే రోడ్డు బందయిపోవాలె. గుర్రం సుత కనిపించాలె."

"గుర్రం ఎందుకురా?"

"మరి పిల్లగాడు నడిచి పోతడా బే?"

మర్నాడు ఎవరో జవాబు రాశారు. మిగతావి బాగున్నాయట కానీ నాలుగోది అర్థం కాలేదట. మీ ఊళ్లో పంపు పాడైందా అని అడిగారు.

ఇంట్లో మాత్రం వాతావరణం వేరు. నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి రైల్వేలో గుమస్తాగా వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డారు. కంప్యూటర్ కొనిపెట్టింది నేను జావా నేర్చుకుంటానని. అప్పట్లో ఏ గోడ మీద చూసినా సాఫ్ట్‌వేర్ కోర్సుల కాగితాలే, ఏ ఇంట్లో విన్నా ఎవరబ్బాయికి ఏ కంపెనీలో వచ్చిందన్న మాటే. మ్యాపులు గీసే ఉద్యోగం అమ్మకు బాగానే ఉన్నట్టు అనిపించేది, నాన్నకు కాదు.

"ఏటిరా, ఇంకా ఆ బొమ్మల ఊళ్లేనా?" అన్నారు ఒక సాయంత్రం నా వెనక నిలబడి. "పక్క క్వార్టర్ కుర్రాడు జావా అయిపోయి బెంగుళూరు ఎల్లిపోనాడు."

"నాకు ఊళ్లంటే ఇష్టం నాన్నా. ఈ లైన్‌లోనే ఉంటాను."

ఆయన కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఒక్క మాట చెప్పు. నీకు ఊళ్లంటే ఇష్టమా, ఊళ్లతో ఆడుకోడమంటే ఇష్టమా? రెండూ ఒకటి కాదు కదేటి. ఆడుకోడమైతే ఆదివారాలు ఆడుకో, ఎవరొద్దన్నారు? పని మాత్రం జావా సెయ్యి. కాదూ, నిజంగా ఊళ్లే అంటావా, అదీ చెప్పు. వచ్చే బ్యాచ్ మొదలయ్యేలోపల చెప్తే చాలు. మరి నేనడగను."

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రోజంతా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నది ఆట కోసం. ఆఫీసులో గీస్తున్నది ఎవరి ఊళ్లోవో పైపులు. నిజమైన ఊరికి నేను చేసింది ఏమీ లేదు. నాన్న అడిగిన రెండింటిలో నేను ఎటు వైపో నాకే తెలియదు.

ఆ వారమే స్టేషన్ దగ్గర పాత పుస్తకాల బండి మీద ఒక లావుపాటి కంప్యూటర్ పత్రిక దొరికింది. నడిమి పేజీల్లో మా ఆట బొమ్మ, రెండు పేజీల నిండా పరుచుకుని ఉంది. ఎడమ పేజీలో నది పక్కనే ఒక పెద్ద రోడ్డు బయలుదేరి కుడి పేజీలోకి పోయింది. నది వంగింది. రోడ్డు కూడా దాంతో పాటు మెల్లగా వంగినట్టే ఉంది.

"వంగింది బే!" అని వాడు బండి దగ్గరే అరిచాడు. "జెర సరిగ్గ చూడు. వంగిందా లేదా?"

"కంటికి అలా అనిపిస్తుంది. కొలవాలి."

కొలవడం మా పనే కదా. మధ్యాహ్నం భోజనాల వేళ మేడమ్‌ను అడిగి, చిన్న స్కానర్ మీద పత్రికను బోర్లించి పైన రెండు లావుపాటి పుస్తకాలు పెట్టాం. వచ్చిన బొమ్మను తెర మీదకు తెచ్చి రోడ్డు అంచు వెంబడి ఇద్దరం కలిసి గీశాం. మౌస్ వాడి చేతిలో, వేలు నాది తెర మీద. రెండు పేజీలు కలిసే చోట రోడ్డు చక్కగా, నున్నగా వంపు తిరిగింది. నలభై ఐదూ కాదు, తొంభయ్యీ కాదు. ఏ కోణమైనా వచ్చేటట్టే ఉంది.

ఆ సాయంత్రం ఫోరంలో రాశాం. కొలిచిన బొమ్మ కూడా పెట్టాం. మేము వృత్తిరీత్యా మ్యాపులు గీసేవాళ్లమనీ, కొలతలు నమ్మవచ్చనీ రాసింది నేనే. మర్నాటికి జవాబులు కుప్పలుగా వచ్చాయి. ఎవరో మమ్మల్ని సికింద్రాబాద్ సోదరులన్నారు. ఇంకొకరు వంతెనలతో సహా తన పట్నం పథకమంతా మార్చేసుకున్నారు. మావాడు ఆ రోజు నెట్ సెంటర్‌లో తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ సమోసాలు పంచాడు.

నేను మెట్టుగూడ పథకం మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి గ్రాఫ్ కాగితం పక్కన పెట్టి తెల్ల కాగితం మీద.

తర్వాత కొన్నాళ్లకు ఆఫీసులో నా షీటు ఒకటి చెకింగ్‌కు వాడి దగ్గరికి వెళ్లింది. కాసేపటికి నన్ను పిలిచాడు. గొంతులో వెటకారం.

"ఏందిరా ఇది? పైపు గిట్ల పామోలె తిరిగింది?"

"మ్యాపులో అలాగే ఉంది."

"మ్యాపుల లేదు. కాగితం మడతబడ్డది ఆడ. స్కాన్‌ల లేచింది. మడత సుత పైపనుకొని గీసినవ్. ఇంజినీర్ సాబ్, కళ్లద్దాలు పెట్టుకో."

నిజమే. మూలల్లో ఉన్న గుర్తులతో సరిచూసుకుని ఉంటే ఆ పైపు తిన్నగా వచ్చేది. సరిచేస్తానని లేచాను. రెండడుగులు వేసి ఆగిపోయాను. వెనక్కి తిరిగితే వాడూ నన్నే చూస్తున్నాడు. వాడి ముఖంలో నవ్వు లేదు.

"పత్రిక," అన్నాడు.

సొరుగులోంచి పత్రిక తీశాం. పిన్నులు ఊడదీసి, నడిమి కాగితాన్ని విడిగా బల్ల మీద పరిచి, స్కేలు పెట్టాం. రోడ్డు దారం లాగి కట్టినట్టు తిన్నగా ఉంది. వంగింది నది ఒక్కటే. లావుపాటి పత్రిక నడుమ స్కానర్ అద్దానికి ఆనకుండా లేచి ఉంటే, ఆ లేచిన కాగితాన్ని మేము రోడ్డు వంపనుకున్నాం.

"మనం ఒకల్ది ఒకలం చెక్ చేస్తం కదరా," అన్నాడు వాడు స్కేలు పక్కన పెట్టి. "గిది ఎవరు చెక్ చేసిండ్రు?"

ఎవరూ చేయలేదు. రోజూ ఒకరు గీస్తే ఒకరు చూసేవాళ్లం. ఈసారి సంబరంలో ఇద్దరం కలిసి గీశాం. చూడటానికి మూడోవాడు లేడు.

సాయంత్రం ఫోరంలో పొరపాటు ఎలా జరిగిందో బొమ్మలతో సహా రాశాం. కొందరు ఎగతాళి చేశారు. పథకం మార్చుకున్నాయన మాత్రం తన వంపు వంతెనలు అలాగే ఉంచుతాననీ, ఈ వెర్షన్ కాకపోతే వచ్చేదానికి పనికొస్తాయనీ రాశాడు. ఆ మాట మా ఇద్దరికీ కొంత ధైర్యం ఇచ్చింది.

బయటికొచ్చి చాయ్ తాగుతుంటే వాడు అడిగాడు. "ఆటల రోడ్డు వంగదు. సరే. మన రోడ్డు అసలు ఎంత వంగుతదో నీకెరుకేనా?"

"తెలుసు, నా కాగితం మీద..."

"అది నువ్వు అందాజాగా గీసినవ్. కొలిచినవా?"

కొలవలేదు. పుట్టి పెరిగిన రోడ్డును ఒక్కసారి కూడా కొలవలేదు.

ఆదివారం పొద్దున్నే కాలేజీ నాటి టేపు పట్టుకుని సీతాఫల్‌మండి నుంచి బయలుదేరాం. వాడు ఒక కొస, నేను ఒక కొస. రోడ్డు పక్కన టేపు తిన్నగా లాగి, దాని నుంచి గోడ ఎంత దూరం జరిగిందో రాసుకుంటూ మెట్టుగూడ వైపు నడిచాం. వంద గజాలు పోకముందే జనం మూగారు.

"ఏం బాబూ, రోడ్డు పెద్దగ చేస్తున్నరా? మా అరుగు పోతదా?" అని ఒక పెద్దావిడ అడిగింది, చేతిలో చీపురుతోనే.

"లేదమ్మా, ఊరికే కొలుస్తున్నాం."

"ఊరికే ఎవరన్న కొలుస్తరా? నిజం చెప్పు. మా అరుగు ఆడనే ఉన్నది మా అత్త కాలం నుంచి."

మావాడు ఆమె పక్కన అరుగు మీద కూర్చుని, మేమెవరమో, వాళ్ల గిర్ని ఎక్కడో చెప్పాడు. గిర్ని పేరు వినగానే ఆమె చీపురు పక్కన పెట్టింది. "గిర్ని పోరనివా? మొన్న పిండి బరకగ పట్టిండ్రు, మీ నాయనకు చెప్పు," అంది. తర్వాత తనే టేపు కొస అరుగు కింద తొక్కిపట్టింది. ఆ అరుగు దగ్గరే రోడ్డు వంపు అన్నిటికన్నా ఎక్కువ. ఒకప్పుడు అక్కడ నీళ్ల కాలువ ఉండేదట. దాన్ని పూడ్చకుండా పక్కనుంచి రోడ్డేస్తే అది అలా వంగిందని ఆమే చెప్పింది. అంటే అక్కడ వంపుకు కారణం పట్టాలు కాదు. పట్టాల నుంచి పాన్ డబ్బా దాకా నేను అల్లుకున్న గొలుసులో మొదటిదే తప్పు.

మెట్టుగూడ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. చొక్కా తడిసింది. కొలతలు రాసిన కాగితాలు చెమటకు ముద్దయ్యాయి. ఇంటికి వచ్చి నీళ్లు తాగుతుంటే ఒక సంగతి తట్టింది. పొద్దున్నుంచీ నాకు ఆట ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

అప్పటికే ఆఫీసులో ఒక కొత్త పని గురించి అనుకుంటున్నారు. మన నగరంలోనే కొన్ని వార్డుల మ్యాపులు తాజాగా తయారుచేయాలి. పాత కాగితాలతో కుదరదు, వీధివీధీ తిరిగి కొలవాలి. మేడమ్ మీటింగ్ పెట్టి ఎవరు వెళతారని అడిగితే ఎవరూ ముందుకు రాలేదు. ఏసీ గదిలో విదేశీ ప్రాజెక్టు వదిలి ఎండలో టేపు పట్టుకు తిరగడమంటే అందరికీ అది వెనకడుగే. నేను చెయ్యెత్తాను.

"ఆలోచించుకునే అంటున్నావా?" అంది మేడమ్.

"ఆలోచించుకున్నాను మేడమ్. చెకింగ్‌కు మాత్రం వాణ్ణే ఇవ్వండి," అని మావాణ్ణి చూపించాను.

"నన్నెందుకు ఇరికిస్తవ్‌రా?" అన్నాడు వాడు గట్టిగానే. గది నవ్వింది. తర్వాత మెల్లగా, "సరే, నేను ఆఫీస్ల కూసొని నీ తప్పులు పడతా. మజా వస్తది," అన్నాడు.

ఇంట్లో నాన్న పేపరు చదువుతున్నారు. ఆయన అడగనన్నారు కాబట్టి నేనే మొదలుపెట్టాను. ఆదివారం సంగతి, అరుగు సంగతి, కాలువ సంగతి, చివరికి వార్డుల పని సంగతి చెప్పాను. ఊళ్లే, అన్నాను.

ఆయన పేపరు మడిచారు. "జీతం పెరుగుతాదేటి?"

"పెరగదు."

"ఎండలో తిరగాలి కదా?"

"తిరగాలి."

పేపరు పక్కన పెట్టి లేచారు. "సరే అయితే. మంచి టోపీ కొనుక్కో. జావా వాళ్లకి రేపు నేనే చెప్పేస్తాను," అన్నారు. తలుపు దాకా వెళ్లి ఆగారు. "మరి ఆ ఆట మాటేటి?"

"అదీ కావాలి నాన్నా."

ఆయన నవ్వేశారు.

ఆ వారాంతంలో ఫోరంలో ప్రకటన వచ్చింది. ఆట విడుదల మళ్లీ వెనక్కి వెళ్లింది. రోడ్ల గురించి ఇంకా ఏ విషయమూ చెప్పలేమన్నారు. అందరూ తిట్టుకుంటున్నారు, మావాడు కూడా. నాకు మాత్రం మొదటిసారి ఆ వార్త విని బాధ కలగలేదు. సోమవారం నుంచి పద్మారావు నగర్ సందులు మొదలవుతున్నాయి. ఆట వచ్చేలోగా నేను ఒక వార్డు పూర్తి చేయాలి.