కోత పండుగ కోళ్ళు, స్టెల్లా పిచ్చుకలు

హనుమాన్ జంక్షన్‌కు మూడు కిలోమీటర్ల అవతల ఉన్న చిన్న చర్చి వరండాలో తొమ్మిదేళ్ళుగా వరి కుచ్చులు వేలాడుతున్నాయి. కోతల్లో ఏరిన కంకులను జడలా అల్లి పిచ్చుకల కోసం చూరుకు కట్టేది స్టెల్లా. ఆమె పటమటలోని ఒక ల్యాబులో టెక్నీషియను. రక్తపరీక్షలు చేస్తూ పంతొమ్మిదేళ్ళు గడిచాయి. కంటితో చూడనిది కాగితం మీద పెట్టడం ఆమెకు చేతకాదు. రోజూ ఉదయం బస్సెక్కే ముందు వరండాకు వెళ్ళి నీళ్ళ మూకుడు తోమి, నీళ్ళు మార్చి, వచ్చిన పిచ్చుకలను లెక్కపెట్టుకునేది. జనవరి చివరి ఆదివారం నాటికి అవి ముప్పై నాలుగు.

ఫిబ్రవరి మొదటి వారంలో రెండు కోళ్ళఫారాల్లో బర్డ్ ఫ్లూ అని తేలింది. దగ్గరి ఫారం ఇరవై ఆరు కిలోమీటర్ల దూరం. ఊళ్ళో చికెన్ కొట్ల ముందు జనం తగ్గారు. అంతకు మించి ఏమీ మారలేదు. పెరటి కోళ్ళు ఎప్పటిలాగే సందుల్లో తిరుగుతున్నాయి.

స్టెల్లా ఆ జబ్బు గురించి చదివి, మరోసారి చదివి, ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ వైరస్‌ను దూరాలకు మోసేవి ప్రధానంగా నీటిపక్షులు, అంటే కొల్లేరుకు వలస వచ్చే బాతుల వంటివి. పిచ్చుకలకు ఇది సోకడం అరుదు. అరుదే గాని అసంభవం కాదు. పైగా కాళ్ళకు అంటిన రెట్ట చాలు, ఒకచోటి జబ్బు మరోచోటికి చేరడానికి. కోళ్ళు లేని చోట శుభ్రంగా ఉంచుకుంటే కుచ్చులు ఉండవచ్చు. కోళ్ళు మేసే చోట ఉండకూడదు. ఇంత స్పష్టంగా ఉన్న విషయానికి అడ్డం వచ్చింది కోత పండుగ.

ఏటా ఆ పండుగకు సంఘంలోని ప్రతి కుటుంబం పంటలో కొంత తెచ్చి దేవునికి కానుకగా ఇస్తుంది. బియ్యం, గుమ్మడికాయలు, అరటిగెలలు, వాటితోపాటు కోళ్ళు. ఆరాధన ముగిసేదాకా కోళ్ళను కాళ్ళు కట్టి వరండాలో ఉంచుతారు, సరిగ్గా కుచ్చుల కింద. తరువాత అన్నిటినీ వేలం వేస్తారు. ఒక ఇంటి కోడి మరో ఇంటికి చేరుతుంది.

పండుగ తొమ్మిది రోజులుందనగా స్టెల్లా సంఘ పెద్ద ఆమోసు ఇంటికి వెళ్ళింది.

“ఈ ఏడు కోళ్ళు వద్దని చెప్పండి బాబాయ్. పదిహేను ఇళ్ళ కోళ్ళని ఒక్కచోట కట్టి, మళ్ళీ పదిహేను ఇళ్ళకి పంపితే జబ్బుని మనమే పంచినట్టు.”

ఆమోసు పేపరు మడిచి పక్కన పెట్టాడు. “వచ్చింది ఫారం కోళ్ళకి కదమ్మా. మనవి నాటువి. రాళ్ళు తిని అరిగించుకుంటాయి.”

“వైరస్‌కి నాటు, ఫారం అని తేడా ఉండదండి.”

“సరే, నీ మాటే నిజమనుకో. అప్పుడా రోగం మోసుకొచ్చేది నీ పిచ్చుకలేగా? దేవుడికిచ్చే కానుకని వద్దనమంటావు గానీ, నీ కుచ్చులు నువ్వు తీసెయ్యవు. ఇదేం సైన్సమ్మా?”

ఆ మాటలో సగం సరైనదే. తనతో వాదించేవారు పూర్తిగా తప్పు చెప్పినా స్టెల్లా అంత ఉడుక్కునేది కాదు.

ఆ సాయంత్రమే మాస్కు, గ్లవుజులు వేసుకుని కుచ్చులు విప్పింది. కింద ఎండిన రెట్టను ఊడ్చితే దుమ్ము లేస్తుందని, ముందు బ్లీచింగ్ పౌడరు నీళ్ళు చల్లి నాననిచ్చి అప్పుడు కడిగింది. పాత కుచ్చులను పెరట్లో గుంట తీసి పూడ్చి, కొత్తవి అల్లి తన ఇంటి చూరుకు కట్టింది. ఇంటి చుట్టూ ప్రహరీ గోడ, ముందు ఇనప గేటు. పొరుగు కోళ్ళు లోపలికి రాలేవు. ఆమె కోరుకున్నది ఇంతే, కోడి అడుగుపెట్టని ఒక్క చోటు. మొదటి రోజు ఒక్క పిచ్చుకా రాలేదు. రెండో రోజు రెండు, నాలుగో రోజు తొమ్మిది, పండుగకు ముందు శనివారం ఇరవై ఒకటి.

ఆదివారం వరండాలో పదిహేడు కోళ్ళు. ఆరాధన కాగానే స్టెల్లా లేచింది. వేలం చూడటం తన వల్ల కాదు. జంక్షన్‌లో టైర్ల షాపు నడిపే భర్త జాన్ పాల్‌తో ఒక్క మాట అంది. “ఏదైనా పాడుకో. కోడి మాత్రం వద్దు.”

“నాకెందుకే కోడి,” అన్నాడతను.

ఒంటిగంటన్నరకు వంటగదిలో ఉండగా గేటు చప్పుడైంది. ఆ వెంటనే కోడి అరుపు.

ఆమె బయటికి వచ్చేసరికి ఎర్రపెట్ట వరండా స్తంభానికి కట్టి ఉంది. జాన్ పాల్ గుప్పెడు నూకలు కూడా చల్లాడు. “ఆమోసు బాబాయ్ మైకులో నా పేరెత్తాడు స్టెల్లా. ‘జాన్ పాల్ పాడడు, వాళ్ళావిడకి కోడంటే భయం’ అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నన్నేం చెయ్యమంటావు?”

“తిరిగిచ్చెయ్.”

“కానుక పాడుకుని తిరిగిచ్చినవాణ్ణి ఎక్కడైనా చూశావా? పోనీ కూర వండు. బాగా ఉడికిస్తే ఏం కాదని నువ్వేగా అన్నావు.”

“ఉడికాక ఏం కాదు. కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడే ప్రమాదం.”

“కొయ్యకూడదు, ఇవ్వకూడదు, ఉంచుకోకూడదు. గాల్లోకి వదలమంటావా?”

అప్పటికే పిచ్చుకలు కుచ్చుల మీద నుంచి నేలకు దిగాయి. కోడితో కలిసి అవే నూకలు ఏరుకుంటున్నాయి. పదకొండు. స్టెల్లా చీపురు తీసుకుని అదిలించింది. లేచి కరెంటు తీగ మీద వాలి, అరనిమిషంలో తిరిగి దిగాయి. మళ్ళీ అదిలించింది. మళ్ళీ దిగాయి. తొమ్మిదేళ్ళుగా ఆమె చేతి తిండి తిన్న పిట్టలకు ఆమె అంటే భయం లేదు.

గేటు దగ్గర మార్త నిలబడి చూస్తోంది. ఆ పెట్టను కానుకగా ఇచ్చింది ఆమే.

“మా పెట్టని మీరే పాడుకున్నారంటగా అక్కా. గుడ్ల మీదుంది, కొయ్యమాకండి. రెండుండేవి. ఒకటి శుక్రవారం ఉన్నట్టుండి పడి చచ్చిపోయింది.”

స్టెల్లా చీపురు దించింది. “దాన్నేం చేశారు?”

“కాలవలో పారేశాం.”

“ఉత్త చేతుల్తోనా?”

“కోడిని పట్టుకోడానిక్కూడా గ్లవుజులా అక్కా,” అని నవ్వింది మార్త.

కోడి చావడానికి వంద కారణాలు ఉండవచ్చు. ఆ వందలో ఇదీ ఒకటి. స్టెల్లా మార్తను సబ్బుతో చేతులు కడుక్కోమని, మిగిలిన కోళ్ళను గంప కింద మూయమని చెప్పి పశువైద్యశాల డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన అంతా విని, ఉదయాన్నే వచ్చి నమూనాలు తీసుకుంటామని, అంతవరకు ఆ పెట్టను విడిగా మూసి ఉంచమని చెప్పారు. పిచ్చుకలకు మళ్ళీ ఎప్పటి నుంచి పెట్టవచ్చని ఆమె అడిగింది. ఫలితం వచ్చాక గాని చెప్పలేమన్నారు.

పిచ్చుక దూరలేని గది ఇంట్లో ఒక్కటే. మాస్కు, గ్లవుజులు వేసుకుని ఆమె పెట్టను బాత్‌రూములో పెట్టి తలుపు గడియ వేసింది.

“మరి నేనెక్కడ స్నానం చెయ్యాలి?” అన్నాడు జాన్ పాల్.

“ఆమోసు బాబాయ్ గారింట్లో.”

నూకలు తడిపి ఎత్తి, వరండా కడిగింది. అదే నేల మీద కోడి మేసింది, కుచ్చులుంటే పిచ్చుకలు మళ్ళీ అదే నేల మీద దిగుతాయి. కాబట్టి కుచ్చులూ విప్పక తప్పలేదు. తీగ మీద పిచ్చుకలు ఇరవై దాకా ఉన్నాయి. ఈసారి ఆమె లెక్కపెట్టలేదు. కుచ్చులను ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి, ల్యాబులో నమూనాలకు అంటించినట్టే ఒక చీటీ అంటించింది. తీసిన తేదీ రాసింది. మళ్ళీ కట్టవలసిన తేదీ అని రాసి, దాని పక్కన ఖాళీగా వదిలేసింది.