పెద్దవాళ్లు దిగిన షేరు

పంజాగుట్టలో ఒక షేర్ బ్రోకర్ ఆఫీసు. అందులో హనుమత్ప్రసాద్ ఇరవై రెండేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుని జనాన్ని ఈసడించుకుంటున్నాడు. కస్టమర్లు చెప్పిన షేర్లు కొనిపెట్టడం అతని ఉద్యోగం. కొన్నవాళ్లకు బుద్ధి లేదనడం అతని సరదా. ధర పెరిగిందని ఎగబడేవాళ్లంటే మరీ ఒళ్లుమంట.

"ధర ఎవడైనా లేపుతాడండీ. ఎన్ని షేర్లు చేతులు మారాయో చూశారా? వాల్యూమ్ లేకుండా పెరిగిందంటే అది ఉత్త గాలి," అనేవాడు.

మాటలో తప్పేం లేదు. ఆ ఒక్క ముక్క తనకు తెలిసినందుకు లోకమంతా వెధవలని తేల్చేయడమే అతని జబ్బు. అందరికన్నా లోకువ అమీర్‌పేట. రెండు నెలల్లో మార్కెట్ నేర్పేస్తామనే కోచింగ్ బోర్డులు కనబడితే మొహం తిప్పుకునేవాడు.

ఆ మధ్య సనత్‌నగర్‌లో నట్లూ బోల్టులూ చేసే ఓ చిన్న కంపెనీ షేరు నలభై నుంచి యాభై రెండుకు లేచింది. రోజుకు ఐదు వేల షేర్లు కూడా చేతులు మారనిది లక్ష దాటింది, అదీ వరసగా తొమ్మిది రోజులు. ప్రసాద్ రెండు వేల షేర్లు కొనుక్కుని, పక్క సీటు అర్షియాకూ చెప్పాడు.

యూసుఫ్‌గూడలో బ్యూటీ పార్లర్ పెట్టుకోవాలని అర్షియా ఆరేళ్లుగా జీతంలోంచి మిగిల్చుకుంటోంది. షాపుకు అడ్వాన్స్ కట్టడానికి ఇంకా నెల గడువుంది.

"పక్కానా సార్? నా దగ్గరున్నది గంతే."

"ఏంటమ్మా నీ అనుమానం? వాల్యూమ్ చూడు. పెద్దవాళ్లు దిగారు."

దేన్నీ మెచ్చని మనిషి మెచ్చాడు. ఆమె సగం డబ్బు పెట్టేసింది.

మూడో రోజు రవళి అనే అమ్మాయి ఉన్నది కాక ఇంకో అకౌంట్ తెరవడానికొచ్చి, ఫారం నింపుతూ ఆ షేరు పేరే ఎత్తింది. నీకెలా తెలుసని ప్రసాద్ అడిగాడు.

"మా అమీర్‌పేట క్లాసుల హోంవర్కు సార్. ఆర్డర్లు పెట్టుడు అలవాటు కావాలని గా షేరే పది కొనాలె, పది అమ్మాలె, రోజుకు పదిసార్లు. అగ్గువకు వస్తదని మా సార్ చెప్పిండు. ఎనిమిది వందల మందిమి ఉన్నం. శుక్రవారంతోని కోర్సు అయిపోతది."

ప్రసాద్ లెక్కేసుకున్నాడు: ఆ లక్ష వాల్యూమూ ఈ హోంవర్కే, శుక్రవారం దాటితే కొనేవాడుండడు. పెద్దవాళ్లంటే వీళ్లా! ఇక ధర పెంచినవాళ్లెవరంటే, ఆ వాల్యూమ్ చూసి నమ్మిన తనలాంటి మేధావులు.

అర్షియా రెండడుగుల దూరంలో ఉంది. ఒక్క మాట చెబితే బయటపడుతుంది. కానీ ఏమని చెప్పాలి? అమీర్‌పేట హోంవర్కు చూసి బోల్తా పడ్డానని చెప్పాలా? ముందు తనవి వదిలించుకుని, తర్వాత నెమ్మదిగా చెబుదామనుకున్నాడు. సిగ్గుమాలిన ఆలోచన, అయినా అతని స్థాయికి తగినదే. రెండు వేలూ యాభై ఆరుకు అమ్మకానికి పెట్టాడు. కాసేపు ఎవరూ ముట్టుకోలేదు. ఆ తర్వాత ఒక్క దెబ్బకు అన్నీ అమ్ముడుపోయాయి.

హమ్మయ్య అనుకుని పక్కకు తిరిగాడు. అర్షియా మొహం వెలిగిపోతోంది.

"సార్, యాభై ఆరుకు రెండు వేలు ఒక్కసారే దొరికినయ్! మిగిలిన పైసలన్నీ పెట్టేసిన. మీరన్నట్టే ఎవరో పెద్దవాళ్లే ఉన్నరు సార్."

"ఉంటారమ్మా," అన్నాడు ప్రసాద్.